పై పోర్షన్ అమ్మాయికి, సీటీసీ తమ్ముడికి, రెండు రోజులు ఆగిన పెళ్ళికూతురి నాన్నకు

రాంనగర్‌లో మా ఇంటి ముందు గదే నా డీటీపీ సెంటర్. ఒక కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్, గోడ నిండా పాత శుభలేఖల శాంపిళ్ళు, అంతే. పోయిన వారం ఆ ఒక్క కంప్యూటర్ మొండికేసింది. పెళ్ళిళ్ళ సీజన్‌లో అది ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. దాన్ని మళ్ళీ నడిపించిన వాళ్ళకు ఎదురుగా థాంక్స్ చెబితే "అయ్యో దానిదేముంది" అని కొట్టిపారేశారు, అందుకే ఇక్కడ రాస్తున్నా. నాలాంటి తప్పు చేస్తున్న వాళ్ళు ఇంకా చాలామంది ఉంటారని కూడా నా అనుమానం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

మొదలైంది ఎలాగంటే, ఒక రోజు పొద్దున స్క్రీన్ కుడివైపు కింద మూల నుంచి "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి" అంటూ ఎర్ర డబ్బాలు రావడం మొదలుపెట్టాయి. ఒకటి మూసేలోపు ఇంకోటి. నా దగ్గర డబ్బు కట్టి కొన్న యాంటీవైరస్ ఉంది. దాన్ని అడిగితే మాత్రం అంతా పచ్చటిక్కే, ఏమీ లేదంటోంది. అయితే ఇది వైరస్ కాదు, స్పైవేర్, అంటే మనకు తెలియకుండా మన మీద నిఘా పెట్టే ప్రోగ్రామ్, అయ్యుంటుందని నాకు నేనే తీర్పు ఇచ్చుకుని, సీపీయూ ఆటోలో వేసుకుని ఒక షాపుకు పోయాను. ఆ షాపు పేరు అనవసరం. అక్కడి కుర్రాడు యాంటీవైరస్‌ను అలాగే ఉంచి దాని మీద ఒక యాంటీ స్పైవేర్ ప్రోగ్రామ్ వేశాడు. "డబుల్ సెక్యూరిటీ సార్, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. నేను కూడా తలూపాను. ఎందుకు ఊపకూడదు, 2005లో అమీర్‌పేటలో డీటీపీ కోర్సు చేసినప్పుడు మా సార్ చెప్పింది కూడా అదే కదా, వైరస్‌కు ఒకటి, స్పైవేర్‌కు ఒకటి, రెండూ ఉండాలని.

ఇంటికి తెచ్చి ఆన్ చేసిన దగ్గర్నుంచి నరకం. ఎర్ర డబ్బాలు ఎక్కడికీ పోలేదు, అవి అలాగే వస్తున్నాయి. పైగా కంప్యూటర్ ఆన్ అవడానికే పావుగంట. పేజ్‌మేకర్‌లో శుభలేఖ తెరిచి కంట్రోల్ ఎస్ కొడితే నీలం సున్నా గిర్రున తిరుగుతూ ఉంటుంది, లేచి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సీపీయూ మీద హార్డ్‌డిస్క్ లైటు మామూలుగా మిణుకు మిణుకుమంటుంది కదా, అది ఆరకుండా ఒకటే వెలుగు. అన్నిటికంటే ఘోరం, వధువు పేరు ముందు చి.ల.సౌ. అని కొట్టబోతే తెలుగు పడకుండా ఏవో పిచ్చి గుర్తులు పడ్డాయి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరే లేచి నిలబడటం లేదు. ఆ సాయంత్రానికి ఫైలు ఛత్తా బజార్‌లో ప్రెస్‌కు పోవాలి, కార్డులు 300. గురువారం పొద్దున చూస్తే ఆ ఫైలు అసలు తెరుచుకోనే లేదు. రాత్రి సేవ్ అవుతుండగా మధ్యలో హ్యాంగ్ అయితే నేనే విసుగొచ్చి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను, ఆ పాపం నాదే.

పెళ్ళికూతురి నాన్న మలక్‌పేట నుంచి ఫోన్. "అన్నా, కార్డులెప్పుడిస్తవ్?" ఏం చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

మా ఆవిడ నీళ్ళ మోటార్ వేయడానికి పైకి వెళ్ళినప్పుడు పై పోర్షన్ అమ్మాయితో ఈ గోలంతా చెప్పిందట. ఆ అమ్మాయి గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కంప్యూటర్ సెక్యూరిటీ పనే చేస్తుంది, నైట్ షిఫ్టు, పగలు పడుకుంటుంది. ఆ సంగతి మాకు రెండేళ్ళుగా తెలుసు, అయినా నేను సీపీయూ ఆటోలో వేసుకుని ఊరంతా తిరిగాను! నిద్ర కళ్ళతోనే కిందికి దిగి వచ్చింది. "అంకుల్, మీరే కూర్చోండి, నేను చెబుతా, మౌస్ మీ చేతిలోనే ఉండాలి" అంది. ముందు, ఏ ప్రోగ్రామ్ కంప్యూటర్‌ను ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిపించింది. డిస్క్ 100 శాతం. ఆ పేజీలో పైన ఉన్నవి రెండే, నా యాంటీవైరస్సు, షాపులో వేసిన యాంటీ స్పైవేరూ.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిపించి ఎఫ్ ఎల్ టి ఎం సి అని ఐదు అక్షరాలు కొట్టమంది. నల్ల తెర మీద ఏవో పేర్ల పట్టీ వచ్చింది. ప్రతి ఫైలు తెరిచినా, రాసినా మధ్యలో కూర్చుని చూసే డ్రైవర్లట అవి. అందులో రెండు పేర్ల మీద వేలు పెట్టి చూపించింది. నేను సేవ్ కొట్టగానే మొదటిది ఆ ఫైలును తెరిచి పరీక్షిస్తుంది. అది తెరవడాన్ని రెండోది చూసి, ఎవరో ఫైలు తెరుస్తున్నారని అది కూడా పరీక్ష మొదలుపెడుతుంది. ఒకటి అనుమానం ఉన్న ఫైలును పట్టి పక్కన పెట్టబోతుంటే అదే ఫైలు కళ్ళలో పడి రెండోది మళ్ళీ కేక వేస్తుంది. నా పాత 4 జీబీ ర్యామ్ మెషీన్, లోపల తిరిగే హార్డ్‌డిస్కు, ఇంతమంది మధ్య పేజ్‌మేకర్‌కు వంతు ఎప్పుడు రావాలి?

నాకు వెంటనే ప్రెస్‌లో ప్రూఫులు గుర్తొచ్చాయి. ఒకే ప్రూఫ్ కాగితాన్ని ఒకరు దిద్దాక ఇంకొకరు చూస్తే ఒకరి కంటికి ఆనని తప్పు ఇంకొకరికి దొరుకుతుంది. ఇద్దరూ ఎర్ర పెన్నులు పట్టుకుని ఒకేసారి కాగితం లాక్కుంటే చిరిగేది కాగితమే. ఆ మాట అంటే అమ్మాయి నవ్వి, "అంతే అంకుల్, ఎప్పుడూ కాపలా ఉండేది ఒకటే ఉండాలి, రెండోదాన్ని పిలిచినప్పుడు మాత్రమే రావాలి" అంది.

తెలుగు టైపింగ్ సంగతి వింటే మీకూ నవ్వొస్తుంది. మనం కొట్టే ప్రతి కీని మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మార్చడం టైపింగ్ సాఫ్ట్‌వేర్ పని. మనం కొట్టే ప్రతి కీని మధ్యలో పట్టుకుని దొంగతనంగా రాసుకోవడం కీలాగర్ పని. రెండూ కీలను పట్టుకునే పద్ధతి దగ్గర దగ్గరగా ఒకటే, అందుకని యాంటీ స్పైవేర్ నా తెలుగును గూఢచారి అనుకుని క్వారంటైన్‌లో పెట్టేసింది. ఇరవై ఏళ్ళుగా నాకు అన్నం పెడుతున్న సాఫ్ట్‌వేర్ అది! అమ్మాయి ఆ క్వారంటైన్ పట్టీ తెరిపించి దాన్ని బయటికి తీయించింది, ఇకమీదట ముట్టుకోవద్దని అలౌ లిస్టులో వేయించింది. అయితే ఆ ఒక్క ఫైలునే వేయించింది, నేను మొత్తం ఫోల్డర్ వేద్దామంటే వద్దంది.

షాపు కుర్రాడిని తిడదామని నోరు తెరిచాను కానీ ఆ అమ్మాయే ఆపింది. అతను చెప్పింది ఒకప్పుడు సరైన సలహానేనట. 2000ల మొదట్లో యాంటీవైరస్‌లు ఈ యాడ్‌వేర్ (అడక్కుండా ప్రకటనలు చూపించేవి), స్పైవేర్‌లను అంతగా పట్టించుకునేవి కావు, అందుకే స్పైబాట్, యాడ్-అవేర్ లాంటివి విడిగా పుట్టాయి. మైక్రోసాఫ్ట్ కూడా 2004 డిసెంబర్‌లో జెయింట్ అనే కంపెనీని కొని దాని యాంటీ స్పైవేర్‌నే 2006లో విండోస్ డిఫెండర్‌గా తెచ్చింది. అప్పట్లో డిఫెండర్ స్పైవేర్‌కు మాత్రమే, విస్టాలో కూడా అంతే, వైరస్‌కు వేరేది పెట్టుకోవాల్సిందే. 2012లో విండోస్ 8తో, విండోస్‌లోనే కలిసి వచ్చే అదే డిఫెండర్ వైరస్‌లను కూడా చూసుకోవడం మొదలుపెట్టింది. మిగతా కంపెనీలవీ అంతే, రెండు పనులూ ఒక్క డబ్బాలో వచ్చేశాయి. అమీర్‌పేట సార్ పాఠం మాత్రం నా బుర్రలో అలాగే ఉండిపోయింది. సార్ తప్పు కాదు, అది 2005 పాఠం.

మరి ఆ ఎర్ర డబ్బాలు? అవి వైరసూ కాదు, స్పైవేరూ కాదట. ఎప్పుడో ఒక సైటులో ఉచితంగా వినాయకుడి బొమ్మ దించుకుంటూ "అలౌ" అని నొక్కాను, ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చేశాను. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అక్కడ ముక్కూ మొహం తెలియని నాలుగు సైట్ల పేర్లున్నాయి, తీసేశాం. అర నిమిషం పని. ఇంత రామాయణానికి మూలం ఆ అర నిమిషం. దేవుడి బొమ్మ పుణ్యం అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది.

ఆ తర్వాత శుభ్రం చేసిన పద్ధతి. నా యాంటీవైరస్ గడువు ఎలాగూ ఇంకో రెండు వారాల్లో అయిపోతుంది, తీసేద్దామన్నాను. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఇందాకటి డ్రైవర్ల ముక్కలు ఒక్కోసారి లోపలే మిగిలిపోతాయని, ఆ కంపెనీ వాళ్ళే ఇచ్చే రిమూవల్ టూల్‌ను వాళ్ళ సైటు నుంచే దించి సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే లేచే పద్ధతిలో, నడిపించింది. రీస్టార్ట్ కాగానే, వేరే యాంటీవైరస్ ఉందని ఇన్నాళ్ళూ పక్కకు తప్పుకుని ఉన్న డిఫెండర్ తనంతట తానే లేచింది. విండోస్ సెక్యూరిటీ పేజీలో "హూ ఈజ్ ప్రొటెక్టింగ్ మీ" అనే చోట నొక్కితే ఎవరు కాపలా ఉన్నారో కనపడుతుంది. మొదట్లో అక్కడ నా యాంటీవైరస్ పేరొక్కటే ఉంది, యాంటీ స్పైవేర్ అక్కడ పేరు నమోదు చేసుకోకుండానే లోపల పని చేస్తోంది, అందుకే విండోస్‌కు కూడా గొడవ తెలియలేదు. దాన్ని మాత్రం తీసెయ్యలేదు. ట్రయల్ రోజులు కాబట్టి రియల్ టైమ్, అంటే ఎప్పుడూ ఉండే కాపలా, ఆన్ అయి ఉంది, అది ఆఫ్ చేసి, స్టార్టప్ నుంచి కూడా తీసేసి, ఆదివారం ఒక్కసారి స్కాన్‌కు మాత్రం పిలవమంది. డబ్బు కట్టి కొన్నది ఇష్టమున్నవాళ్ళు అదే ఉంచుకోవచ్చట, అప్పుడు డిఫెండర్‌లో పీరియాడిక్ స్కానింగ్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే డిఫెండరే అప్పుడప్పుడు వచ్చి చూసిపోయే రెండో మనిషి అవుతుంది. ఏది ఉంచుకున్నా రియల్ టైమ్ ఒక్కదానికే.

డిఫెండర్ నిజంగా మేలుకునే ఉందా అని నేను అడిగితే ఒక గమ్మత్తు చూపించింది. ఈకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది, వైరస్ కాదు, ఎవరికీ హాని లేదు, కానీ అన్ని యాంటీవైరస్‌లూ దాన్ని చూడగానే పట్టుకోవాలని ముందే అనుకున్న ఒక వరస అక్షరాలు. నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేయమంది. సేవ్ నొక్కానో లేదో "థ్రెట్స్ ఫౌండ్" అని వచ్చేసింది. మనది అక్షరాలు లెక్కపెట్టే వృత్తి కదా, తర్వాత కాగితం మీద రాసుకుని లెక్కపెట్టాను, సరిగ్గా 68.

నాకు అసలు భయం పెన్‌డ్రైవ్‌లది. రోజుకు పది వస్తాయి, జిరాక్స్ సెంటర్లు, నెట్ సెంటర్లు అన్నీ తిరిగొచ్చినవి. తెరిస్తే ఫైళ్ళన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉండటం మన లైన్‌లో అందరూ చూసిందే. స్పీడు కోసం డీ డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి మినహాయిద్దామని అడిగితే అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది, ఆ పెన్‌డ్రైవ్‌ల సరుకంతా దించేది డీ డ్రైవ్‌లోనే కదా మరి. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేశాకే తెరుస్తున్నా. కస్టమర్లు "ఏంటన్నా ఇంతసేపు" అంటున్నారు, అననివ్వండి.

ఇక సీటీసీ తమ్ముడు. శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్ వెళ్ళి, అక్కడి కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో ఒక చిన్న కౌంటర్ దగ్గర, అలవాటు పోక కొత్త యాంటీవైరస్ ఒకటి ఇవ్వమన్నాను. మెషీన్ ఏంటి, ఏం పని అని అడిగాడు. "డిఫెండర్ ఉంది కదన్నా, ఇంకోటెందుకు, ఆ పైసలు ఎస్ఎస్‌డీకి పెట్టుకో" అన్నాడు. అమ్మకానికి కూర్చున్న మనిషి అమ్మనన్న మాట నేను ఈ మధ్య వినలేదు. ఎస్ఎస్‌డీ, అంటే లోపల ఏదీ తిరగని వేగమైన డిస్కు, వేసి, పాతదంతా అందులోకి ఎక్కించి, కొత్తదానికే డబ్బు తీసుకున్నాడు, చేతిపనికి ఏమీ తీసుకోలేదు. నాది విండోస్ 10 అని చూసి, దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయిందని, మైక్రోసాఫ్ట్ ఇచ్చే పొడిగింపులో చేరితే ఇంకొంత కాలం సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయని, తన ముందే చేరమని కూర్చోబెట్టాడు. తమ్ముడూ, నీ పేరు అడగడం మరిచిపోయాను, మెట్ల పక్కన కౌంటర్, ఎర్ర చొక్కా, నువ్వే అనుకో.

పెళ్ళికూతురి నాన్నకు చేతిరాత కాగితం చూసి మొత్తం మళ్ళీ కంపోజ్ చేసి ఇచ్చాను. రెండు రోజులు లేటు. "పేర్లల్ల తప్పు పోకుంటే చాలన్నా, లేటైతే ఏం కాదు" అన్నాడు, ఒక్క మాట అనలేదు. కార్డులు నిన్న అందాయి, తప్పులు లేవు, నేను రెండుసార్లు చూశాను, మా ఆవిడ తర్వాత ఒకసారి చూసింది.

పై పోర్షన్ తల్లీ, నువ్వు డబ్బు తీసుకోవు, నీ పెళ్ళి కార్డు ఎప్పటికైనా నాదే, అది వేరే సంగతి. వెళ్ళేటప్పుడు బ్యాకప్‌కు ఒక బయటి హార్డ్‌డిస్క్ కొనమన్నావు, ఇంకా కొనలేదు. ఇది చదివి తిడతావని తెలుసు. ఈ శనివారం మళ్ళీ పార్క్‌లేన్ వెళుతున్నానమ్మా.