బడులకు డేటా కోసం వెళ్లేవాళ్లకు
ఎం.ఎడ్., పీహెచ్‌డీ తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఒక మాట. డీఈఓ అనుమతి కాగితం చేతికి రాకుండా బయలుదేరొద్దు, నేనొకసారి అలాగే వెళ్లి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చాను, బస్సు ఛార్జీ దండగ. చదివించే పరీక్ష అసర్ (పల్లెల్లో పిల్లల చదువు స్థాయి చూసే సర్వే) పద్ధతిలో అయితే ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలి, పేరాతో మొదలుపెట్టి, అది చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి, రాకపోతే పదాలకు, అదీ రాకపోతే అక్షరాలకు దిగాలి. పిల్లలు తడబడితే మాట అందించొద్దు! మొన్న ఒక పాప ‘చెట్టు’ని ‘చెటు’ అని చదివితే మనవాళ్లలో ఒకరు రైటు కొట్టారు, ఇంకొకరు తప్పు వేశారు. అందుకే ముందు కొంతమంది పిల్లలకు ఇద్దరూ విడివిడిగా మార్కులు వేసి కోహెన్ కప్పా (ఇద్దరి మార్కులు ఎంతవరకు నిజంగా కలిశాయో చెప్పే లెక్క) కట్టండి, ఊరికే కలిసిన శాతం చూస్తే యాదృచ్ఛికంగా కలిసినవీ అందులో కలిసిపోతాయి. లెక్క దగ్గర టెన్షన్ ఉంటే, గైడ్‌ని అడగడానికి మొహమాటంగా ఉన్నా సరే, ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చేయండి, షీట్ ముందు పెట్టుకుని చూద్దాం.