కొండలు విరిగిపడుతుంటే జియాలజిస్టుకు పని లేదా?

సంపాదకులకు,

గనుల రంగం చల్లబడిందని, జియాలజీ చదివినవాళ్లు వేరే దారి చూసుకోవడం మంచిదని గత వారం మీరు వేసిన కథనం చదివి చాలా బాధేసింది. ఇన్ని రోజులైనా మనసు ఊరుకోక రాస్తున్నాను.

ఖనిజాల రేట్లు పడగానే కంపెనీలు ముందు ఆపేది అన్వేషణే. నడుస్తున్న గని నడుస్తూనే ఉంటుంది. కొత్త ఖనిజం కోసం వేసే డ్రిల్లింగు మాత్రం ఆగిపోతుంది. దాంతో ముందు ఇంటికొచ్చేది మేమే. నేనూ అలాగే గుంటూరు వచ్చేశాను. క్యాంపులో డ్రిల్లింగులో తీసి పెట్టెల నిండా పేర్చిన రాతి కడ్డీల్ని, అంటే కోర్‌ని నీళ్లతో తడిపి, లెన్సుతో చూసి, 10 సెంటీమీటర్లు దాటిన ముక్కలు కొలిచి, రాయి ఎంత గట్టిదో, ఎక్కడ పగిలిందో రాసేవాణ్ణి. ఆ పని గనికి తప్ప దేనికీ పనికిరాదా?

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో వానకు కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. 2020 దసరా ఉత్సవాల్లో, ముఖ్యమంత్రి రావడానికి కాసేపటి ముందు, ఇంద్రకీలాద్రి మీద రాళ్లు జారాయి. కొండ అడుగు చెక్కి ఇల్లు కడితే పైనున్న రాయికి ఆసరా పోతుంది. పగుళ్లు ఇళ్ల వైపు వాలి ఉండి, వాటిలోకి నీళ్లు దిగితే ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. పగుళ్లు ఎటు వాలాయో బ్రంటన్ కంపాస్‌తో కొలవడం మాకు డిగ్రీలోనే నేర్పారు. విజయవాడ కొండల్ని ఏటా వానలకు ముందు అలా చూసేవాళ్లు ఎందరున్నారు? ప్రమాదం జరిగాక ఎక్స్‌గ్రేషియా ప్రకటించి చేతులు దులుపుకుంటారు.

పల్నాడులో ఇప్పటికీ కొబ్బరికాయ పట్టుకుని నడిచే ఆయన చూపిన చోటే రైతు అప్పు తెచ్చి బోరు వేస్తున్నాడు. నీళ్లు పడకపోతే ఆ అప్పు ఎవరు తీరుస్తారు? భూమిలోకి కరెంటు పంపి నీళ్ల జాడ పట్టే రెసిస్టివిటీ సర్వే తెలిసిన కుర్రాళ్లు ఇళ్లలో ఖాళీగా కూర్చున్నారు. కృష్ణలో ఇసుక తీయాలంటే ముందు జిల్లా సర్వే నివేదిక ఉండాలి. ఏటా ఎంత ఇసుక కొత్తగా చేరుతుందో నదిలో దిగి కొలిస్తేనే ఆ నివేదికకు అర్థం. ప్రభుత్వాలు మారినా ఇసుక మీద గొడవలే తప్ప ఈ కొలత గురించి ఏ నాయకుడూ నోరు విప్పడు.

మొన్న ఒక ఇంటర్వ్యూకి వెళ్తే 5 ఏళ్ల అనుభవం అడిగారు. జీతం 20 వేల లోపు, అదీ సైటు ఉన్నన్నాళ్లే. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉందంటారు. పోస్టులు కొద్ది, జనరల్ వాళ్లకు 32 ఏళ్లు దాటితే అదీ లేదు. రాష్ట్రంలో నోటిఫికేషన్ కోసం చూసి చూసి వయసు దాటిపోయిన సీనియర్లున్నారు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. చేరేవాళ్లు లేరని నేను చదివిన కాలేజీలో జియాలజీ గ్రూపే ఎత్తేశారు. మాస్టార్లు ఏళ్ల తరబడి పోగుచేసిన రాళ్లు లేబుళ్లు ఊడిపోయి మెట్ల కింద పడున్నాయి. మంగంపేట ముగ్గురాయి, చీమకుర్తి గ్రానైటు ఉన్న రాష్ట్రంలో ఇదీ పరిస్థితి.

వచ్చే వానాకాలం లోపు విజయవాడలో కొండవాలు మీదున్న ప్రతి ఇంటి దగ్గరా సర్వే చేయించాలి. ఆ పనికి మాలాంటివాళ్లను పద్ధతిగా, నెలనెలా జీతమిచ్చి తీసుకోవాలి. ఏ ఇల్లు ప్రమాదంలో ఉందో ఆ నివేదికను వార్డు సచివాలయాల్లో అందరికీ కనపడేలా పెట్టాలి.

– ఒక జియాలజిస్టు, బ్రాడీపేట, గుంటూరు