చిన్నోడికి, కంబోడియాలోని సియెమ్ రీప్‌కి

చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. పెరట్లో బొప్పాయి చెట్టు గాలికి పడిపోయింది, గోడకేం కాలేదు. నీ ఫోనొచ్చి ఇవాళ్టికి ఐదు రోజులు. పనిలో ఉండుంటాడులే అని మీ నాన్న నాకు చెప్తారు. రాత్రి రెండింటికి లేచి ఫోను చూసుకునేదీ ఆయనే.

అంకోర్ వాట్ గుడి ఫొటోలు తాతయ్యకు చూపించాను. సముద్ర మథనం చెక్కిన గోడ దగ్గర ఆగిపోయి, వాసుకిని పట్టుకున్న రాక్షసుల్ని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 92 మందట కదా, సగంలో కళ్లు నీళ్లు కారి ఆపేశారు. 1986 నుంచి 1993 దాకా మన పురావస్తు శాఖ వాళ్లు ఆ గుడి బాగుచేశారని రాశావు. అప్పటికి అక్కడ యుద్ధం ఆగనేలేదుగా. వాళ్ల అమ్మలు ఆ ఏడేళ్లూ ఎలా నిద్రపోయారో.

నిన్న సుజాత పిన్ని ఒక మాట అంది. నువ్వు ప్రీహ్ విహార్ కొండకి కూడా వెళ్తానన్నావట. శివుడి గుడి, చూడాలని ఉంటుంది, కాదనను. కానీ అది సరిగ్గా థాయ్‌లాండ్ సరిహద్దు మీద ఉంది. గుడి కంబోడియాదే అని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పినా, 2025లో జులైలో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి సరిహద్దులో కాల్పులు జరిగాయి. పైగా ఆ అడవుల్లో పాత మందుపాతరలు.

రాజు మామయ్య చెయ్యి నువ్వు చూశావు, ఎలా పోయిందో నీకెవరూ చెప్పలేదు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. ఊరి చివర రాళ్ల క్వారీ మూసేసి రెండేళ్లయింది, మేకలు మేసేవి అక్కడ. పెన్సిలు ముక్కంత గొట్టం దొరికింది, వెండిలా మెరుస్తోంది, వెనక రెండు తీగలు. జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. అమ్మ అన్నం పెడితే బుద్ధిగా తిన్నాడు కూడా. తర్వాత అరుగు మీద కూర్చుని టార్చిలైటు బ్యాటరీకి ఆ తీగలు ఆనించాడు. నేను గుమ్మంలో జడ వేసుకుంటున్నాను. చప్పుడుకి చెవులు మూసుకుపోయాయి. వాడు ఏడవలేదు, చెయ్యి వంక చూస్తూ ఉండిపోయాడు. అరుగు మీద ఆ మసి మరక చాలా ఏళ్లుంది, అమ్మ ఎన్నిసార్లు కడిగినా.

అందుకే చెప్తున్నా. పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు కనిపిస్తే వెనక్కి వచ్చెయ్. ఒంటికి వెళ్లాలన్నా దారి దిగొద్దు. ఇనుప ముక్క ఏది కనిపించినా ముట్టుకోకు, కాలితో కూడా తన్నకు. గైడు లేకుండా ఏ పాడుబడ్డ గుడికీ వెళ్లకు. లెక్చరు ఇవ్వకూడదనే మొదలుపెట్టాను నాన్నా.

గుడి దారుల్లో కాళ్లు పోయినవాళ్లు కూర్చుని వాయిద్యాలు వాయిస్తుంటారన్నావు. వాళ్ల ముందు ఏమైనా వేశావా? నా పేరున కూడా వెయ్యి.

చెప్పులు కాదు, బూట్లు వేసుకో. కరివేపాకు పొడి బ్యాగు అడుగున స్టీలు డబ్బాలో పెట్టాను, అసలు తీశావా లేదా? ఆ కొండకి ఇప్పుడు వద్దు. మాట్లాడే తీరిక లేకపోతే మిస్డ్ కాల్ ఇవ్వు, నేనే చేస్తాను.

అమ్మ