వరిగడ్డి మాగబెట్టే పని: ఈ ఆదివారం

పాడి రైతులందరికీ నమస్కారం 🙏

ఆదివారం ఉదయం 7 గంటలకు పాలకేంద్రం వెనుక షెడ్డులో యూరియాతో వరిగడ్డి మాగబెడుతున్నాం. ఎండుగడ్డిలో 3–4 శాతమే ఉండే మాంసకృత్తులు 7 దాకా పెరుగుతాయి. గడ్డి మెత్తబడుతుంది, పశువు ఎక్కువ తింటుంది, బాగా అరుగుతుంది.

ఒక్కొక్కరు తేవాల్సినవి: 100 కిలోల పొడి గడ్డి (బూజు పట్టింది వద్దు), 4 కిలోల యూరియా, చిల్లుల్లేని టార్పాలిన్, నీళ్లు చల్లే క్యాన్. యూరియా తూచి తెండి, గుప్పెళ్ల లెక్క వద్దు.

50 లీటర్ల నీటిలో యూరియా పూర్తిగా కరగాలి. గడ్డి పొరలు పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా చల్లి, గట్టిగా తొక్కాలి. చెడిపోయేదంతా ఇక్కడే. గాలి మిగిలితే బూజు, కప్పు సందుల్లోంచి అమ్మోనియా (యూరియా నుంచి పుట్టి గడ్డిని మెత్తబరిచే ఘాటు వాయువు) పోతే పడ్డ కష్టమంతా వృథా. టార్పాలిన్ కప్పి, అంచుల మీద మట్టి వేయండి. 21 రోజులు విప్పొద్దు.

విప్పాక ఘాటు వాసన రావాలి, రంగు ముదురు పసుపుకి తిరగాలి. ఆ రోజుకి కావాల్సినంతే తీసి, గంటా రెండు గంటలు ఆరబెట్టి మేపండి. మొదట మామూలు గడ్డిలో పావు వంతు కలిపి, వారంలో పెంచండి. పచ్చిమేత, ఖనిజ మిశ్రమం మానొద్దు. ఎక్కువ పాలిచ్చే గేదెకి దాణా కూడా ఉండాల్సిందే.

⚠️ ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా కలిపిన నీళ్ల బకెట్ పశువుల దగ్గర ఉంచొద్దు, తాగితే ప్రాణం మీదికొస్తుంది. నురగ, వణుకు, కడుపుబ్బరం కనిపిస్తే వెంటనే పశువుల డాక్టరుకి ఫోన్ చేయండి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు, పశువుల సంఖ్య రాయండి.