కోళ్ళ గూటి దాకా వచ్చిన ఎలుగు: అటవీ శాఖ మంత్రి గారికి ఉద్దానం నుంచి ఒక ఉత్తరం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, మందస మండలంలో ఒక చిన్న ఊరు. ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే జీడితోట, తోట దాటితే కొండ. పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు, రెండు పనసలు, ఒక మునగ, ఒక కోళ్ళ గూడు. ఈ ఉత్తరం ఆ గూడు గురించే. ఏనుగుల సంగతి, ఎర్రచందనం సంగతి లాంటి పెద్ద ఫైళ్ళు మీ బల్ల మీద ఉంటాయని తెలుసు. అయినా కోళ్ళ గూడు గురించి ఎందుకు రాస్తున్నానంటే, మా దగ్గర మనిషికీ ఎలుగుకీ మధ్య దూరం లేకుండా పోతున్నది ఆ గూటి దగ్గరే.

పోయిన ఏడాది పనసపళ్ళు మాగే రోజుల్లో, ఒక రాత్రి మూడు దాటాక కోళ్ళు ఒక్కసారిగా గోల పెట్టాయి. కోళ్ళు పెంచేవాళ్ళకి ఆ గోలలో తేడాలు తెలుస్తాయి. పిల్లి వస్తే ఒకలా అరుస్తాయి, పాము వస్తే ఇంకోలా. అది నేను ఎప్పుడూ వినని అరుపు. మా అత్తగారు నాకన్నా ముందు లేచి, చేతికర్ర తీసుకుని పెరటి తలుపు గడియ తీయబోయారు. అరవై దాటిన మనిషి. రాత్రిపూట కోళ్ళు అరిస్తే ఇన్నేళ్ళుగా ఆవిడ చేసింది అదే. ఆ రోజు నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. చెక్క విరిగిన చప్పుడుతో పాటు, ఎవరో గట్టిగా గాలి పీల్చి వదులుతున్నట్టు ఒక శబ్దం వినపడింది నాకు. కిటికీలోంచి టార్చి కొట్టి చూస్తే నల్లటి జూలు, తెల్లటి మూతి. ఇంట్లో ఉన్న పళ్ళాలన్నీ తెచ్చి గరిటెలతో వాయించాం. అది మెల్లగా తోటలోకి వెళ్ళడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గడియ తీసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

తెల్లారాక చూశాం. గూటి తలుపు చెక్క ఊడి అవతల పడింది. పునాది మట్టి జానెడు లోతున గీరి ఉంది. పదకొండు కోళ్ళలో నాలుగు చెక్కల కింద నలిగి చచ్చాయి. పొదుగు మీద ఉన్న పెట్ట ఎటో పారిపోయింది, దాని కింద పెట్టిన పన్నెండు గుడ్లలో ఒక్కటీ మిగల్లేదు. కానీ అది తిన్న కోడి ఒక్కటీ లేదు. కోళ్ళ కోసం వచ్చిన జంతువు కోడిని ముట్టుకోకపోవడం ఏమిటని ఊరంతా ఆశ్చర్యపోయింది.

విషయం చెప్పింది మా ఊరికి వచ్చిన ఒక అటవీ ఉద్యోగి. ఆయన చచ్చిన కోళ్ళని చూడలేదు, గూటి పక్కన పగిలిన ముంతని చూశారు. "ఇదేమిటమ్మా?" అని అడిగారు. చెదల ముంత అన్నాను. మాలో కోడిపిల్లలు ఉన్నవాళ్ళు, పాత ముంతలో తడిపిన పేడ, గడ్డి కుక్కి, చెదలు ఉన్న చోట సాయంత్రం బోర్లిస్తారు. తెల్లారేసరికి ముంత నిండా చెదపురుగులు పడతాయి. పిల్లల ముందు దులిపితే చక్కగా ఏరుకు తింటాయి, తొందరగా ఎదుగుతాయి. మా అమ్మమ్మ చేసింది, మా అమ్మ చేసింది, నేనూ చేస్తున్నాను. ఆయన అన్నారు, "మీరు మీ కోడిపిల్లలకి పెడుతున్నదే దానికీ ఇష్టమైన తిండి."

ఆ మాట విన్నాక మా పెరడు నాకు కొత్తగా కనపడింది. మన ఎలుగుబంటి ముఖ్యంగా చెదలు, చీమలు తిని బతికేది. దాని పై దవడలో ముందర రెండు పళ్ళు ఉండవట. ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుంటుంది. ఆ రాత్రి నేను విన్న చప్పుడు అదే. ముక్కులోకి దుమ్ము పోకుండా ముక్కురంధ్రాలు మూసుకోగలదట కూడా. తేనె, పళ్ళు దానికి ప్రాణం. గుడ్లు దొరికితే వదలదు. ఇప్పుడు మా గూడు చూడండి. పాత చెక్కలకి పట్టిన చెదలు, పక్కన చెదల ముంత, కోళ్ళు పొడుచుకు తింటాయని పడేసిన పనస తొనల పిప్పి, డబ్బాలో నూకలు, తవుడు, లోపల గుడ్లు. ఎలుగు వాసన పట్టడంలో గట్టిది. అంత దూరం నుంచి దాన్ని మేమే పిలుచుకున్నట్టు అయింది.

ఇది తెలియక మేం కోడిని పట్టుకుపోయిన ప్రతి జంతువునీ ఎలుగు అనేవాళ్ళం. నక్క పట్టుకుపోయినా ఎలుగే, అడవిపిల్లి పీక కొరికినా ఎలుగే. అలా ఊళ్ళో కోపం పెరుగుతూ వచ్చింది.

వాసన పట్టడంలో ఎంత గట్టిదో, చూపులో, వినికిడిలో అంత బలహీనం ఈ జంతువు. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది. వీపు మీద పిల్లలు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. దాని గోళ్ళు పుట్టలు తవ్వడానికి పెరిగినవి, అవి మొహం మీద పడితే ఆ మనిషి బతుకు మారిపోతుంది. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు ఇద్దరూ చనిపోయారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయారు, ఆ మర్నాడే ఇంకో ఆరుగురు గాయపడ్డారు. మత్తుమందు ఇచ్చి పట్టుకున్న ఆ ఎలుగు కూడా బతకలేదు. ఆ రోజు టీవీలో చూస్తూ మా అత్తగారు ఇటు మనుషుల కోసమూ, అటు ఎలుగు కోసమూ ఏడ్చారు.

గూటి దగ్గరికి రాత్రి మూడింటికో, తెల్లవారుజామున ఐదింటికో వెళ్ళేది ఎవరు సార్? ఆడవాళ్ళే. మగవాళ్ళు సగం మంది హైదరాబాదులోనో, చెన్నైలోనో, ఇంకా దూరంగానో పనుల్లో ఉంటారు. సాయంత్రం కోళ్ళని గూట్లో కమ్మేది, పొద్దున్నే వదిలేది, రాత్రి అరిస్తే లేచేది ఇంట్లో ఉన్న పెద్దామె, కోడలు, ఒక్కోసారి పదేళ్ళ పిల్ల. ఎలుగు తిరిగే వేళలూ సరిగ్గా అవే. కోళ్ళు పెంచడం మానెయ్యొచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. ఒక నాటుకోడి పెట్ట మా దగ్గర 500, 600 రూపాయలు పలుకుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా పక్కింటావిడ భర్తని డయాలసిస్‌కి తీసుకువెళ్ళే రోజు ఆటో ఖర్చుకి కోడినే అమ్ముతుంది. జీడిపంట ఏడాదికి ఒక్కసారి వస్తుంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో కొబ్బరిని, జీడిని ఎలా నేలమట్టం చేసిందో మీరూ చూశారు. కొత్తగా నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఇళ్ళల్లో చేతిఖర్చుకి ఆదుకున్నవి కోళ్ళు, మేకలే.

తిత్లీ ఎలుగులకి కూడా దెబ్బే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. మహేంద్రగిరి వైపు కొండలకీ, సముద్రపు ఒడ్డున మొగలి పొదలకీ మధ్య మా తోటలే వాటి దారి, వాటి నీడ. జీడిపళ్ళ కాలంలో అవి తోటల్లో తిరగడం మా తాతల నాటి నుంచీ ఉంది. గ్రానైట్ క్వారీలూ, నరికేసిన పొదలూ, ఇళ్ళ దాకా పెరిగిన తోటలూ కలిసి ఆ దారిని మా పెరళ్ళలోంచి తిప్పాయి.

అందుకే ఎలుగుల్ని అన్నిటినీ పట్టుకుపొండి అని నేను అడగడం లేదు. అది వన్యప్రాణి రక్షణ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. పైగా ఒకదాన్ని పట్టుకుపోతే, పెరట్లో తిండి అలాగే ఉన్నంతకాలం ఇంకొకటి వస్తుంది. నేను అడిగేది గూడు మార్చుకునే సాయం.

ఆ రాత్రి తర్వాత మేం గూడు మళ్ళీ కట్టుకున్నాం. అప్పు చేసి కట్టాం కాబట్టి ఏది పని చేస్తుందో కొంచెం తెలిసింది. పాత గూడు పెరటి చివర, తోట కంచెకి ఆనుకుని ఉండేది, కంపు ఇంట్లోకి రాకూడదని. కొత్తది వంటగది గోడకి ఆనించి కట్టాం. కిటికీలోంచి గూడు కనపడుతుంది, తలుపు తీయకుండానే లోపల నుంచి లైటు వేసుకోవచ్చు. చెక్క తీసేసి, సిమెంటు ఇటుకలతో మోకాలెత్తు దిమ్మ వేసి, దాని మీద ఇనుప చట్రానికి వెల్డింగు చేసిన మందపాటి జాలీ బిగించాం. బజారులో దొరికే సన్న కోళ్ళ వల కోడిని లోపల ఉంచుతుంది గానీ ఎలుగుని బయట ఉంచదు, ఒక్క గీరుకి చిరిగిపోతుంది. తలుపుకి రెండు గడియలు. దాణా డబ్బా ఇంట్లోకి వచ్చింది. గుడ్లు సాయంత్రానికల్లా తీసేస్తున్నాం. పనస పిప్పి గుంతలో పూడ్చేస్తున్నాం. చెదల ముంత మాత్రం మానలేదు, పగలు ఊరి మధ్య రచ్చచెట్టు దగ్గర పెట్టి, పొద్దుగూకే లోపు ఎత్తేస్తున్నాం. అప్పటి నుంచి ఎలుగు రెండుసార్లు తోటలో కనపడింది గానీ గూటి దగ్గరికి రాలేదు.

ఇలాంటి గూడు కట్టుకోవడం మా ఊళ్ళో అందరి వల్లా కాదు. ఉపాధి హామీ పనుల్లో కోళ్ళ షెడ్లు, మేకల షెడ్లు కట్టించిన రోజులు మేం చూశాం. పశుసంవర్ధక శాఖ పెరటి కోళ్ళ పథకాల్లో వనరాజా, గ్రామప్రియ అనే కోళ్ళ జాతుల పిల్లల్ని ఇచ్చిన ఇళ్ళూ ఉన్నాయి. పిల్లలు ఇచ్చేవాళ్ళు ఒక శాఖ, షెడ్డు కట్టేవాళ్ళు ఇంకో శాఖ, ఎలుగు సంగతి మీ శాఖ. ముగ్గురూ ఒక్కసారి కూర్చుంటే, ఎలుగు తిరిగే ఊళ్ళలో కోడిపిల్లతో పాటు గట్టి గూడూ వస్తుంది. డ్వాక్రా సంఘాల ద్వారా ఇస్తే ఎవరి పెరడు తోటకి దగ్గరో, ఎవరింట్లో మగదిక్కు లేదో మాకే బాగా తెలుసు, ముందు వాళ్ళకే ఇస్తాం. జాలీ బిగించడం నేర్పితే మా కుర్రాళ్ళే చేస్తారు.

కరెంటు కంచె గురించి కూడా చెప్పాలి. అమెరికాలో మా చెల్లెలి కుటుంబం ఉంటున్న న్యూజెర్సీలో నల్ల ఎలుగులు పెరళ్ళలోకి వస్తాయి. అక్కడ కోళ్ళు పెంచేవాళ్ళు గూటి చుట్టూ బ్యాటరీ మీద నడిచే కంచె వేసుకుంటారట. అందులో కరెంటు ఆగి ఆగి, క్షణంలో చిన్న ముక్కంత సేపు మాత్రమే పోతుంది. తగిలితే గట్టిగా చురుక్కుమంటుంది గానీ ప్రాణం తీయదు. ఎలుగు ఒంటి మీద దట్టమైన జుట్టు ఉంటుంది కాబట్టి ముక్కుకి తగిలే ఎత్తులో తీగలు ఉండాలి, కింద గడ్డి పెరిగి తీగకి తగలకుండా చూసుకోవాలి. మన ఎలుగు మీద ఇది ఎంత బాగా పనిచేస్తుందో ముందు రెండు మూడు ఊళ్ళలో పెట్టి చూడండి. తోట అంచున వరుసగా ఉన్న ఇళ్ళన్నిటికీ కలిపి ఒక సోలార్ కంచె, దాన్ని చూసుకోవడానికి ఊళ్ళోనే శిక్షణ ఇచ్చిన ఒక మనిషి ఉంటే చాలు.

ఎందుకు ఇది సర్కారే చేయాలంటున్నానంటే, మంచి కంచె అందకపోతే జనం చెడ్డ కంచె వేస్తారు. స్తంభం నుంచి నేరుగా తీగ లాగి పందుల కోసం పెట్టే కంచెలు మన జిల్లాల్లో ఎంతమందిని చంపాయో మీకు తెలుసు. కోళ్ళ గూటి చుట్టూ అలాంటి తీగ ఉంటే, పొద్దున్నే నిద్రకళ్ళతో కోళ్ళని వదలడానికి వెళ్ళే పిల్ల గతి ఏమిటి? మా ఊళ్ళో ఒకరు ఆ ఆలోచన చేశారు. పది మందిమి వెళ్ళి బతిమాలి ఆపాం. మళ్ళీ ఎలుగు వస్తే ఆపగలమో లేదో.

ఇంకో రెండు మాటలు. తోట అంచు వీధుల్లో స్తంభాలకి లైట్లు వెలిగేలా చూడండి. ఉద్దానానికి దగ్గర్లోనే మత్తుమందు ఇచ్చే డాక్టరు, వల, బోను ఉన్న బృందం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. విశాఖ నుంచి రావాలంటే 200 కిలోమీటర్లకు అటూ ఇటుగా దూరం. ఊళ్ళోకి వచ్చిన ఎలుగు చుట్టూ వెయ్యి మంది గుమిగూడితే, ఆ కొద్ది గంటల్లోనే మనుషులూ పోతారు, అదీ పోతుంది. కొండ మీద మొక్కలు నాటించేటప్పుడు నేరేడు, రేగు, మేడి, తునికి, రేల నాటించండి. దాని తిండి దానికి పైనే దొరకాలి.

మీరు ఉద్దానం వస్తే మా ఊరికి రండి సార్. మీటింగు కోసం కాదు. సాయంత్రం ఐదున్నరకి వచ్చి, మా వీధిలో ఆడవాళ్ళు కోళ్ళని కమ్మే వేళ ఒక గంట ఉండండి. ఏ గూడు ఎక్కడ ఉందో, తోట ఎంత దగ్గరో, ఏ ఇంట్లో ఎవరు లేస్తారో మీ కళ్ళతో మీరే చూస్తారు. పనసపళ్ళు మాగేలోపు వస్తే ఇంకా మంచిది. మా కొత్త గూట్లో ఇప్పుడు ఒక పెట్ట పద్నాలుగు గుడ్ల మీద పొదుగుతోంది. పక్కింటావిడ గూడు మాత్రం ఇంకా చెక్కదే, తోట కంచె పక్కనే ఉంది.

ఇట్లు,
మందస మండలం నుంచి
ఒక డ్వాక్రా సంఘం సభ్యురాలు