స్టార్ జాస్మిన్‌ను మల్లెలా కత్తిరించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చే తోటపని శీర్షికను నేను చాలా ఏళ్లుగా విడవకుండా చదువుతున్నాను. చలికాలం మొదట్లో మల్లెపొదలకు నీళ్లు తగ్గించి, అర మీటరు ఎత్తు మిగిల్చి కత్తిరించాలని ఆ శీర్షికలో వచ్చిన సలహా మల్లె విషయంలో నూటికి నూరుపాళ్లు సరైనదే. అయితే స్టార్ జాస్మిన్ అన్న పేరుతో అమ్ముడయ్యే తీగకు కూడా అదే సలహాను పాటించి, ఏడాది పాటు పెంచుకున్న పూతను ఒక్క పూటలో పోగొట్టుకున్నవారు నాకు తెలిసినంతలోనే ముగ్గురున్నారు. ఆ ముగ్గురిలో నేనూ ఒకదాన్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా మేడమెట్ల పక్క గోడకు పాకించిన ఆ తీగ మొదటి రెండేళ్లూ వేళ్లూనుకోవడంతోనే సరిపెట్టుకుంది. మూడో ఏడు వసంతం చివర ఆకు కనబడనంతగా పూసింది. సాయంత్రం వీధి తలుపు తీయగానే పరిమళం ఎదురు వచ్చేది. ఆ చలికాలంలోనే నేను మల్లెకు చేసినట్టు ఆకు దూసి, తీగలన్నీ మొదలుకంటా కత్తిరించాను. వసంతం వచ్చేసరికి కొత్త తీగలు మూరల కొద్దీ సాగాయి, ఆకులు నిగనిగలాడాయి, పువ్వు మాత్రం ఒక్కటీ రాలేదు. బలం చాలలేదేమోనని నత్రజని ఎక్కువగా ఉన్న ఎరువు వేస్తే ఆకు మరింత పెరిగింది. లోపం ఎరువులో లేదని, కత్తెర పట్టిన కాలంలో ఉందని తెలుసుకోవడానికి నాకు మరో ఏడాది పట్టింది.

మల్లె కొత్త చిగుళ్ల మీద మొగ్గ తొడుగుతుంది. అందుకే చలికాలంలో ఎంత బాగా కత్తిరిస్తే వేసవికి అన్ని కొత్త రెమ్మలు, అన్ని పూలు. స్టార్ జాస్మిన్ అలా కాదు. నిరుడు పెరిగి ముదిరిన కొమ్మల కణుపుల్లోంచి వచ్చే పొట్టి పక్కరెమ్మల మీదనే అది పూస్తుంది. కాబట్టి చలికాలంలో ఆ పాత కొమ్మను తీసేస్తే రాబోయే పూతను తీసేసినట్టే. దీన్ని కత్తిరించవలసిన అదను పూత ముగిసిన వెంటనే, అంటే పూలు రాలిన రెండు మూడు వారాల లోపల వస్తుంది. అప్పుడు కత్తిరిస్తే కొత్తగా వచ్చే తీగ ముదరడానికి మిగతా ఏడాదంతా చేతిలో ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ మరుసటి ఏటి పూత తగ్గుతూ పోతుంది.

ఈ పొరపాటుకు మూలం పేరులోనే ఉంది. దీని శాస్త్రీయ నామం ట్రకెలోస్పర్మమ్ జాస్మినాయిడిస్. జాస్మినాయిడిస్ అంటే మల్లెను పోలినది అని అర్థం, అంతేగాని మల్లె అని కాదు. మల్లె, జాజి, పారిజాతం ఒక కుటుంబానికి చెందితే, ఈ తీగ గన్నేరు, నందివర్ధనం, జిల్లేడు ఉన్న కుటుంబానికి చెందింది. చైనా, జపాన్, కొరియా ప్రాంతాల్లో సహజంగా పెరిగే ఈ మొక్కను రాబర్ట్ ఫార్చ్యూన్ 1844లో షాంఘై నుంచి ఇంగ్లండుకు పంపాడు. తర్వాతి కాలంలో చైనా నుంచి తేయాకు మొక్కలను తరలించి పేరు పొందినది ఆయనే. చిక్కు ఇక్కడితో ఆగలేదు. కాగడా మల్లెను కూడా ఇంగ్లిషులో స్టార్ జాస్మిన్ అని పిలిచేవారున్నారు, అది నిజంగానే మల్లె జాతి మొక్క. ఒకే పేరు మీద రెండు కుటుంబాల మొక్కలు అమ్ముడవుతున్నప్పుడు, చీటీ మీది పేరును బట్టి కత్తెర పట్టడం ఎంతమాత్రం క్షేమం కాదు. నేను కొన్న కుండీకి కట్టిన చీటీ మీద కూడా శాస్త్రీయ నామం లేదు.

ఇంట్లో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి పుస్తకాలేవీ అక్కర్లేదు. ఒక ఆకును తొడిమ దగ్గర తుంచి చూడండి. చిక్కటి తెల్లని పాలు చుక్క కట్టి నిలిస్తే అది మల్లె కాదు. పువ్వును అరచేతిలో పెట్టుకుని చూసినా తెలుస్తుంది: అంగుళం వెడల్పున అయిదు రేకులు, ప్రతి రేకూ ఒక పక్కకు మెలిదిరిగి గాలికి తిరిగే కాగితపు గిరకలా, అచ్చం చిన్న ఒంటిరేకు నందివర్ధనంలా ఉంటుంది. అప్పుడప్పుడు జంటగా సన్నని పొడవాటి కాయలు వేలాడతాయి. ఎండి పగిలితే లోపలి గింజలకు జిల్లేడు దూది లాంటి పట్టుకుచ్చు ఉంటుంది. ఆ పాలు కొందరి చర్మానికి పడవు కనుక కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవడం, అదే చేత్తో కళ్లు తుడుచుకోకపోవడం మంచిది.

పెంపకంలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది పందిరి సంగతి. ఈ తీగకు గోడను పట్టుకునే వేళ్లు ఆధారం కావు, నులితీగలూ లేవు. దొరికిన దాని చుట్టూ మెలిదిరిగి పైకి పాకుతుంది. నున్నటి గోడ పక్కన వదిలేస్తే తనను తానే చుట్టుకుని ముద్ద కడుతుంది. మొక్క నాటకముందే గోడకు అయిదు సెంటీమీటర్ల ఎడంగా, అడుగుకొకటి చొప్పున గట్టి తీగలు బిగించాలి. ఆ ఎడం లేకపోతే కొమ్మ చుట్టు తిరగడానికి చోటుండదు, ఆకుల వెనక గాలి ఆడక పొలుసు పురుగు చేరుతుంది. మొదటి ఏడాది లేత కొమ్మలను పాతగుడ్డ పేలికలతో వదులుగా కట్టి పక్కలకు వాలిస్తే మొదలు దగ్గర కూడా పూత వస్తుంది, లేకపోతే పైన గుబురు, కింద మోడు మిగులుతాయి.

రోజుకు నాలుగైదు గంటల ఎండ చాలు. నీడలో బతుకుతుంది కాని పూత పలచబడుతుంది. మండే ఎండల చోట మధ్యాహ్నం కాస్త నీడ దొరికితే ఆకు మాడదు. నీళ్ల విషయంలో అతి ఆపేక్షే దీనికి శత్రువు. రెండు అంగుళాల లోతు దాకా వేలు గుచ్చి, మట్టి పొడిగా తగిలితేనే నిండుగా పోయాలి. నీరు నిలిచే మట్టిలో వేళ్లు కుళ్లి ఆకులు పసుపెక్కుతాయి, అది దాహమనుకుని మళ్లీ నీళ్లు పోస్తే మొక్క దక్కదు. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్యభాగం మాత్రమే పసుపు తిరిగితే అది నీటి తంటా కాదు, సున్నం ఎక్కువగా ఉన్న మట్టిలో ఇనుము అందకపోవడం. చలిప్రదేశాల్లో ఆకులు శీతాకాలంలో రాగిరంగుకు తిరగడం మాత్రం జబ్బు కాదు, ఏడాదంతా ఆకు నిలుపుకునే ఈ తీగ చలికి అలాగే రంగు మారుతుంది. ఆకుల మీద మసి పేరుకుంటే మసిని కడిగి ఊరుకోకుండా, ఆకు అడుగున పిండినల్లి, పొలుసు పురుగు ఉన్నాయేమో చూడాలి. అవి విసర్జించే తీపి జిగురు మీదనే ఆ మసి పెరుగుతుంది.

కొత్త మొక్క కావాలంటే అంటు తొక్కడం తేలిక. నేలకు దగ్గరగా ఉన్న కొమ్మను వంచి, కణుపు అడుగున బెరడు కొద్దిగా గీరి, మట్టిలో కప్పి పైన ఇటుక పెట్టాలి. నెలలు పడుతుంది. అంతవరకూ వేళ్లు వచ్చాయేమోనని తవ్వి చూడకూడదు.

సంపాదకులకు నా మనవి ఒక్కటే. మీ శీర్షికలో ఏ మొక్క గురించి సలహా వేసినా దాని శాస్త్రీయ నామాన్ని తెలుగు లిపిలోనే తెలుగు పేరు పక్కన అచ్చువేయించండి. కత్తిరింపు గురించి రాసేటప్పుడు ఆ మొక్క కొత్త రెమ్మ మీద పూస్తుందా, పాత కొమ్మ మీద పూస్తుందా అన్న ఒక్క వాక్యాన్ని కలపండి. చోటు చాలదన్న ఇబ్బంది నాకు తెలుసు, కాని ఆ ఒక్క వాక్యం లేకనే నేను ఒక వసంతాన్ని పోగొట్టుకున్నాను. కాగడా మల్లె పెంచేవారికీ ఈ తీగ పెంచేవారికీ ఒకే పేరు కింద ఒకే సలహా వెళ్లకుండా ఆపగలిగినది మీ పత్రికే.

నిరుడు పూత రాలిన రెండో వారంలోనే మా తీగను కత్తిరించాను. పైకి ఎగబాకిన కొమ్మల్ని మూడో వంతు తగ్గించి, లోపల ఎండినవాటిని తీసేసి, చలికాలమంతా కత్తెర ముట్టలేదు. ఈ ఉదయం మేడమెట్లు ఎక్కుతూ చూస్తే, పాత కొమ్మల కణుపు కణుపునా బియ్యపుగింజంత లేతపచ్చని మొగ్గలు గుత్తులుగా వచ్చి ఉన్నాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు