బ్రెయిన్ ట్యూమర్ రోగుల పెట్ స్కాన్ గురించి ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అన్నకు 41 ఏళ్లు. నల్లగొండ దగ్గర రైస్ మిల్లులో లెక్కలు రాసేవాడు. రెండేళ్ల కిందట ఒకరోజు తాళంచెవి అడగబోయి చెంచా అన్నాడు. అందరం నవ్వాం. వారం తిరక్కుండా ఫిట్స్ వచ్చాయి. హైదరాబాద్ తీసుకొస్తే మెదడులో ఎడమవైపు గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. తర్వాత ఆరు వారాలు రేడియేషన్ (మా ఊళ్లో కరెంటు పెట్టడం అంటారు), దాంతోపాటు మాత్రలు. అన్నీ ఆరోగ్యశ్రీ మీదే జరిగాయి. ఆ మేలు మా ఇంట్లో ఎవరమూ మరిచిపోం.

రేడియేషన్ అయిన ఏడో నెలలో తీసిన ఎంఆర్ఐలో పాత చోటే తెల్లటి మచ్చ కనబడింది. "గడ్డ మళ్లీ పెరుగుతోందో, రేడియేషన్‌కు దెబ్బతిన్న చోటు ఇలా కనబడుతోందో ఈ ఫిల్ము చూసి చెప్పలేనమ్మా" అని డాక్టర్ గారు వదినతో అన్నారు.

ఆయన తప్పేం లేదు. రక్తంలోవి మెదడులోకి చొరబడకుండా కాపాడే గోడ ఒకటి ఉంటుంది. అది చెడిన చోట ఎంఆర్ఐకి ముందు ఎక్కించే మందు బయటికి కారి తెల్లగా కనిపిస్తుంది. గోడను గడ్డ చెడగొట్టినా, రేడియేషన్ చెడగొట్టినా తెలుపు ఒకటే.

ఈ తేడా పట్టడానికి పెట్ స్కాన్ తీయిస్తే మేలన్నారు. పెట్ స్కాన్ అంటే కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి, దాన్ని ఎక్కువగా లాక్కునే చోటు వెలిగి కనబడేలా తీసే పరీక్ష. అయితే డాక్టర్ గారు అన్నది మామూలు పెట్ స్కాన్ కాదు. మామూలు దాంట్లో ఎక్కించేది గ్లూకోజ్ లాంటి మందు. మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా, ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానిదే. ఆరోగ్యంగా ఉన్న భాగమూ వెలుగుతూనే ఉంటే గడ్డ ఎక్కడ తేలుతుంది? అందుకే ఎఫ్‌ఈటీ, ఎఫ్‌డోపా లాంటి అమైనో ఆమ్లపు (ప్రోటీన్ల ముడిసరుకు లాంటి) మందులు వాడతారు. పెరిగే గడ్డ వాటిని ఆబగా లాక్కుంటుంది, ఆరోగ్యంగా ఉన్న మెదడూ, చచ్చిన కణజాలమూ అంతగా తీసుకోవు. ప్రతిసారీ కచ్చితంగా తేలుతుందని కాదు, ఎంఆర్ఐ ఒక్కటే చూసినప్పటి కంటే అనుమానం బాగా తగ్గుతుంది. అంతర్జాతీయ నిపుణుల బృందం రానో 2016లోనే ఈ స్కాన్లను సిఫారసు చేసింది.

ఆ స్కాన్ స్కీములో రాదని కౌంటర్‌లో చెప్పారు. సొంతంగా పెట్టుకునే స్థితి మాకు లేదు. రెండు నెలలు ఆగి చూద్దామని డాక్టర్ గారు అన్నారు. ఆ రెండు నెలలూ అన్న తలనొప్పి అన్నప్పుడల్లా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మచ్చ పెద్దదైంది, రెండోసారి తల తెరిచారు. ల్యాబ్ రిపోర్టులో ఉన్నది దాదాపు అంతా చచ్చిన కణజాలమే. ముందే తెలిసి ఉంటే వాపు తగ్గించే మందులతో చూసుకునే వీలుండేదేమో. ఆపరేషన్ తర్వాత అన్న కుడిచేతికి పట్టు పోయింది. లెక్కలు రాసిన చెయ్యి అది. ఇంకో ఇంట్లో ఆ మచ్చ నిజంగా గడ్డే అయితే, రేడియేషన్ దెబ్బే కదా అని ఆగిన రెండు నెలల్లో అది పెరిగిపోతుంది.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. సంతోషం. కానీ అవసరమైన పరీక్ష జాబితాలో లేకపోతే ఆ 10 లక్షలు మా అన్నలాంటి వాళ్లకు అక్కరకు రావు. బ్రెయిన్ ట్యూమర్ రోగులందరికీ ఇది చేయమని అడగడం లేదు. ఎంఆర్ఐ తేల్చలేకపోయిందని న్యూరోసర్జన్, రేడియేషన్ డాక్టర్ కలిసి రాసిచ్చిన వాళ్లకు చాలు. అమైనో ఆమ్లపు పెట్ స్కాన్ అని పేరు పెట్టి జాబితాలో రాయించండి. పెట్ స్కాన్ అని మాత్రమే రాస్తే కౌంటర్‌లో మళ్లీ గ్లూకోజ్ స్కాన్‌కే పంపిస్తారు.

మందు సంగతి కూడా కష్టమేం కాదు. స్కాన్ మందులో ఉండే రేడియోధార్మిక పదార్థం బలం నిమిషనిమిషానికీ తగ్గిపోతూ ఉంటుంది. ఫ్లోరిన్-18 అనే పదార్థంతో చేసిన మందు బలం సగానికి తగ్గడానికి 110 నిమిషాలు పడుతుంది. నగరంలో ఒకచోట పొద్దున తయారైతే ట్రాఫిక్ దాటుకుని పంజాగుట్ట నిమ్స్‌కూ, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జేకూ చేరేసరికి ఇంకా పనికొచ్చేంత మిగిలే ఉంటుంది. అదే కార్బన్-11 అనే పదార్థంతో చేసిందైతే 20 నిమిషాలకే సగమైపోతుంది. ఈ రెండు ఆసుపత్రుల డాక్టర్లను కూర్చోబెట్టి, ఏ మందు, ఎక్కడ, నెలకు ఎందరికి అని మీరే అడగండి.

అన్న తర్వాతి ఎంఆర్ఐ వచ్చే నెలలో ఉంది. ఈసారి మచ్చ కనబడితే వదినకు ఏం చెప్పాలో మీ జవాబును బట్టి ఉంటుంది.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు,
మల్కాజిగిరి, హైదరాబాద్